కొత్త దుకాణంలో తరాజు

పిల్లలూ, ఊరి అంచున కొత్తగా లేచిన కాలనీలో మొట్టమొదటి కిరాణం దుకాణం తెరుస్తున్నారంటే ఎంత సందడిగా ఉంటుందో మీలో కొందరు చూసే ఉంటారు. నేను నా చిన్నతనంలో చూశాను.

అది 1980 ప్రాంతం. కరీంనగరం పక్కన మానేరు నది మీద పెద్ద డ్యాము కడుతున్న రోజులు. పట్నం నాలుగు దిక్కులా పెరుగుతూ ఉండేది. మేము ఉండే కాలనీలో ఇళ్లయితే లేచాయి గాని, దుకాణం మట్టుకు ఒక్కటీ లేదు. పావుకిలో చక్కర కావాలన్నా, దొడ్డుప్పు కావాలన్నా టవర్ సర్కిల్ దాకా పోయి రావలసిందే. పప్పు పొయ్యిమీద ఉడుకుతుండగా చింతపండు అయిపోయిందని తెలిస్తే, పరుగెత్తవలసింది పిల్లలమే.

అటువంటి సమయంలో మా వీధి మూలమీద ఒక గదికి షట్టరు బిగించారు. లోపల చెక్క అరలు కొట్టారు. ఒకరోజు రంగుల డబ్బాలు పట్టుకుని ఒక పెయింటరు వచ్చాడు. నిచ్చెన ఎక్కి, నీలిరంగు బోర్డుమీద పసుపురంగుతో "కి" అనే అక్షరం రాసి, అన్నం తినటానికి వెళ్లిపోయాడు. ఇక చూడండి! కింద నిలబడ్డ పిల్లల్లో వాదం మొదలయింది. "కిరాణం" అన్నాడు ఒకడు. "కితాబులు" అన్నది ఇంకొక పిల్ల. "కాదు, కిరోసిన్, గ్యాసునూనె అమ్ముతారు" అన్నాడు మరొకడు. పెయింటరు తిరిగి వచ్చి "రా" అని రాసేదాకా ఒక్కరమూ ఇళ్లకు కదలలేదు.

దుకాణం గురించి ఇంటిల్లిపాదీ తలా ఒక ఆశ పెట్టుకున్నారు. నెల మొదటి తారీకు దాకా ఖాతా రాసుకుంటాడా అని మా బాపు ఆలోచన. మంచి పల్లీనూనె దొరుకుతుందా అని మా అమ్మ ఆలోచన. గాజు సీసాల్లో పిప్పరమెంట్లు ఎన్ని రంగులవి ఉంటాయా అని మా ఆలోచన. మా బాపమ్మ మట్టుకు వాటిలో ఒక్కటీ అడగలేదు.

"దుకాణం కొత్తదయితె ఏంది బిడ్డా! తరాజు ఎట్లుంటదో సూడాలె" అన్నది.

తరాజు అంటే త్రాసు. అంత సందడిలో ఆమెకు త్రాసే ఎందుకు గుర్తుకు వచ్చిందో నాకు అప్పుడు తెలియలేదు. అది తెలియాలంటే, దుకాణాలు లేని రోజుల దగ్గరికి వెళ్లాలి.

మన కరీంనగరం, ఆదిలాబాదు జిల్లాలకు సముద్రం లేదు. మరి ఉప్పు ఎట్లా వచ్చేది? పూర్వకాలంలో బంజారాలు వందల కొద్దీ ఎద్దుల వీపున బస్తాలు వేసి, సముద్రతీరం నుంచి ఉప్పును దక్కను పీఠభూమి దాకా తోలుకువచ్చేవారు. తిరిగిపోయేటప్పుడు ధాన్యం నింపుకుని పోయేవారు. నడిచే దుకాణం అన్నమాట! ఆ తరువాత బండ్లు వచ్చాయి. 1929 నాటికి కాజీపేట నుంచి బల్లార్షాకు రైలుదారి పూర్తి అయింది. దానితో పెద్దపల్లి, మంచిర్యాల వంటి ఊళ్లకు సరుకు బోగీల్లో రావటం మొదలయింది. అయినా రైలుకు దూరంగా ఉన్న పల్లెలకు వారానికొకసారి జరిగే అంగడే దిక్కు. ఉట్నూరు, జైనూరు, నార్నూరు అంగళ్లకు అడవిదారుల వెంట మైళ్లకొద్దీ నడిచి వచ్చేవారు. ఇంద్రవెల్లిలో సోమవారం అంగడికి ఎంతో పేరు.

అంగడికి వచ్చేవాళ్లు ఒట్టిచేతులతో రారు. గోండులు, కోలాములు అడవిలో ఏరిన ఇప్పపువ్వు, తేనె, కుంకుళ్లు, చెట్లనుంచి తీసిన బంక, పొలంలో పండిన జొన్నలు మూటగట్టి తెచ్చేవారు. వాటిని అమ్మి, ఆ డబ్బుతో ఉప్పు, నూనె, గుడ్డలు కొనుక్కుని పోయేవారు. అంటే ఒక్క మనిషి ఒక్క పూటలో రెండుసార్లు త్రాసు ముందు నిలబడాలి. తూకం మంచిదయితే సరే. కాకపోతే ఆ మనిషి రెండుసార్లు నష్టపోతాడు: అమ్మినప్పుడు ఒకసారి, కొన్నప్పుడు ఇంకొకసారి.

మా బాపమ్మ చిన్నప్పుడు అటువంటి అంగళ్లు చూసింది. "కొనే కుంచం వేరు, అమ్మే కుంచం వేరు ఉంటుండె" అని చెప్పేది. ఆ రోజుల్లో కుంచం, మానిక, సోల, గిద్దె అని కొలతలు ఉండేవి. తూకానికి తులం, సేరు, మణుగు. పేరు ఒకటే అయినా ఒక ఊరి కుంచం ఇంకొక ఊరి కుంచానికి సరిపోయేది కాదు. డబ్బు సంగతీ అంతే. హైదరాబాదు రాజ్యానికి హాలీ సిక్కా అని సొంత రూపాయి ఉండేది. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇండియా రూపాయలకు సమానం. 1950 తరువాత కొంతకాలం ఈ రెండు రూపాయలూ కలిసి చెలామణి అయ్యాయి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. ఈ లెక్కలన్నీ తల్లో పెట్టుకుని, తెలియని త్రాసు ముందు నిలబడ్డ మనిషి ఎంత బెదిరిపోయి ఉంటాడో ఊహించండి!

ఇటువంటి కష్టం మన దగ్గరే కాదు, సముద్రాల అవతలా ఉండేది. ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే ఊరు ఉన్నది. మన సిరిసిల్ల మాదిరిగానే ఆ రోజుల్లో అది నేతపనివారి ఊరు. అక్కడ పనివాళ్లకు కూలి తక్కువ. దుకాణాల్లో పిండిలో కల్తీ, తూకంలో మోసం. అప్పు పడ్డవాళ్లు అదే దుకాణంలో కొనక తప్పదు. అప్పుడు 28 మంది ఒకచోట చేరి, "మన దుకాణం మనమే పెట్టుకుంటే ఏమవుతుంది?" అని ఆలోచించారు. వారానికి కొద్ది పెన్నీల చొప్పున కూడబెట్టి, తలా ఒక పౌను వేసుకున్నారు. 1844 డిసెంబరు 21వ తేదీ సాయంత్రం టోడ్ లేన్ అనే వీధిలో దుకాణం తెరిచారు.

ఆ దుకాణంలో ఏమున్నాయో తెలుసునా? కొంచెం వెన్న, కొంచెం చక్కెర, గోధుమపిండి, ఓట్ల పిండి, కొన్ని కొవ్వొత్తులు. అంతే! బయట వీధిలో మూగిన పిల్లలు దుకాణాన్ని చూసి గేలిచేశారని ఆనాటి సంగతులు రాసినవారు చెప్పారు. కాని లోపల ఉన్నవాళ్లు కొన్ని నియమాలు పెట్టుకున్నారు. సరుకు కల్తీ లేకుండా ఉండాలి. తూకం నిండుగా ఉండాలి. వచ్చిన లాభం, ఎవరు ఎంత కొన్నారో దాన్నిబట్టి అందరికీ పంచాలి. డబ్బున్నవాడికైనా లేనివాడికైనా ఒక్కటే ఓటు. గేలిచేసిన ఊరే తరువాత వరుసకట్టింది. పదేళ్లు తిరిగేసరికి సభ్యుల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. ఆ దుకాణం ఉన్న ఇంటిని ఇప్పటికీ ప్రదర్శనశాలగా కాపాడుకుంటున్నారు. సహకార సంఘాలు అని ఈనాడు ప్రపంచమంతటా ఉన్నవాటికి దారి చూపినది అదే.

ఆ దారి మన జిల్లాలకూ వచ్చింది. ఇందులో 1956 సంవత్సరాన్ని గుర్తు పెట్టుకోండి. ఆ ఒక్క ఏడాదిలో మూడు పనులు జరిగాయి.

మొదటిది ముల్కనూరులో. అప్పుడది కరీంనగరం జిల్లాలో ఉండేది, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉన్నది. అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారి పూనికతో అక్కడి రైతులు కలిసి ఒక సహకార గ్రామీణ బ్యాంకును, మార్కెటింగు సంఘాన్ని పెట్టుకున్నారు. రైతుకు అప్పు కావాలన్నా, ఎరువు కావాలన్నా, పండించిన పంట అమ్మాలన్నా తమ సంఘం దగ్గరికే వెళ్లవచ్చు. తూచేవాడూ తమవాడే, తూకం చూసేవాళ్లూ తామే. దేశంలో ఎక్కడెక్కడివాళ్లో ఈ సంఘాన్ని చూడటానికి వస్తారు. ఆ చుట్టుపక్కల మహిళలు 2000 సంవత్సరంలో తమ సొంత పాల డెయిరీని కూడా ఇదే తీరుగా నడపటం మొదలుపెట్టారు.

రెండవది గిరిజనులకోసం. అడవిసరుకును సరి అయిన ధరకు కొని, ఉప్పు పప్పులు సరి అయిన ధరకు అమ్మటానికి విశాఖపట్నం కేంద్రంగా ఒక సహకార సంస్థ పుట్టింది. దాన్నే గిరిజన సహకార సంస్థ అంటారు. తరువాత దాని డిపోలు ఆదిలాబాదు అడవుల్లోకీ వచ్చాయి. అక్కడ దానికి ఉట్నూరు ముఖ్యస్థానం. 2014లో రాష్ట్రాలు వేరయిన తరువాత తెలంగాణకు వేరే సంస్థ ఏర్పడింది. అంగడిదాకా మైళ్లు నడిచేవాళ్లకు తమ ఊరి దగ్గరే ఒక డిపో తెరవటమంటే ఎంతటి పండుగో వేరే చెప్పాలా?

మూడవది ఢిల్లీలో. దేశమంతటికీ ఒకే తూకం, ఒకే కొలత ఉండాలని 1956లో పార్లమెంటు చట్టం చేసింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. 1958 నుంచి కిలోగ్రాము రాళ్లు వాడుకలోకి రావటం మొదలయింది. 1962 నాటికి దేశమంతటా కిలోగ్రాముతోనే తూచాలన్నారు. 80 తులాల సేరు సుమారు 933 గ్రాములు. కాబట్టి కిలో అంటే సేరుమీద ఇంకొక 67 గ్రాములు ఎక్కువ. పెద్దవాళ్లు కొన్నాళ్లు తికమకపడ్డారు. బడిలో కొత్త లెక్క నేర్చుకున్న పిల్లలు వాళ్లకు చెప్పవలసి వచ్చింది!

కిలో అందరికీ ఒకటే అయితే, అసలు కిలో ఎక్కడ ఉన్నట్టు? ఫ్రాన్సులో పారిస్ నగరం దగ్గర ప్లాటినం, ఇరీడియం కలిపిన లోహంతో చేసిన ఒక చిన్న దిమ్మెను భద్రంగా దాచి, దాని బరువే కిలో అన్నారు. దానికి నకళ్లు చేసి దేశదేశాలకు ఇచ్చారు. మన దేశానికి వచ్చినది 57వ నంబరు దిమ్మె. అది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్నది. అయితే లోహపు దిమ్మె ఎంత దాచినా రవ్వంత మారవచ్చును కదా! అందుచేత 2019 మే 20 నుంచి శాస్త్రజ్ఞులు ప్రకృతిలో ఎన్నటికీ మారని ఒక సంఖ్యను ఆధారం చేసుకుని కిలోను నిర్ణయిస్తున్నారు. ఆ సంఖ్యను ప్లాంక్ స్థిరాంకం అంటారు. మీ వీధి దుకాణంలో ఉన్న ఇనుపరాయికి, ఆ శాస్త్రజ్ఞుల లెక్కకు మధ్య ఒక గొలుసు ఉన్నది. తూనికలు కొలతల శాఖవారు రాయిమీద వేసే ముద్ర ఆ గొలుసులో ఒక కొక్కెం.

రాయి మంచిదే అనుకోండి. అయినా త్రాసు మోసం చేయగలదా? చేయగలదు. రెండు విధాలుగా.

మొదటిది తేలికగా పట్టుబడే మోసం. సరుకు వేసే పళ్లెం అడుగున చింతపండు ముద్దో, మైనమో అంటిస్తారు. ఆ ముద్ద బరువు కూడా మన సరుకు బరువుగానే లెక్కకు వస్తుంది. ఖాళీ త్రాసును ఎత్తి చూస్తే చాలు, ఒక పక్క కిందికి దిగుతుంది. అప్పుడు తేలికగా ఉన్న పక్క పాసంగం కట్టి సరిచేయాలి.

రెండవ మోసం కొంచెం లోతైనది. కావడి మోసేవాణ్ణి చూశారా? ఒక బిందె నిండుగా, ఒకటి సగంగా ఉంటే, అతడు భుజాన్ని బరువు బిందె వైపుకు జరుపుకుంటాడు. బరువుది దగ్గరగా, తేలికది దూరంగా ఉంటే రెండూ సమంగా నిలుస్తాయి. ఈ సూత్రాన్ని ఆర్కిమెడీస్ అనే గ్రీకు శాస్త్రజ్ఞుడు రెండువేల సంవత్సరాలకు పూర్వమే వివరించాడు. త్రాసు కాడకు ముల్లు సరిగ్గా నడుమ లేదనుకోండి. ఒక చెయ్యి 18 సెంటీమీటర్లు, ఇంకొక చెయ్యి 20 సెంటీమీటర్లు. పొట్టి చేతికి బరువైన పళ్లెం కడితే ఖాళీ త్రాసు సమంగానే నిలుస్తుంది. ఎవరికీ అనుమానం రాదు. ఇప్పుడు పొట్టి చేతివైపు 1000 గ్రాముల రాయి, పొడుగు చేతివైపు బెల్లం పెట్టండి. 900 గ్రాముల బెల్లానికే ముల్లు నడుమ నిలుస్తుంది! నూరు గ్రాములు పోయినట్టే.

దీన్ని పట్టుకోవటం ఎట్లా? రాయిని, బెల్లాన్ని పళ్లాలు మార్చి పెట్టాలి. నిజమైన త్రాసు మార్చినా సమంగానే నిలుస్తుంది. దొంగ త్రాసులో రాయివైపు పళ్లెం దిగిపోతుంది. మీరు ఇంట్లో ఒక స్కేలు, దారం, రెండు కాగితపు గ్లాసులు తీసుకుని, దారాన్ని నడుమ కట్టి ఒకసారి, కొంచెం పక్కకు జరిపి ఇంకొకసారి పరీక్ష చేసి చూడండి. దారం జరిపినప్పుడు ఖాళీ గ్లాసులు సమంగా నిలవటానికి పొట్టి వైపు గ్లాసులో కొద్దిగా ఇసుక వేసుకోండి.

ఇక మా దుకాణం సంగతి. బోర్డు పూర్తి అయిన మూడవనాడు గడపకు పసుపు కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టి, కొబ్బరికాయ కొట్టారు. మేమందరం పిప్పరమెంటు సీసాల ముందు నిలబడ్డాం. మా బాపమ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చి కిలో బెల్లం అడిగింది. దుకాణదారు త్రాసు తీశాడు.

"కొడుకా, ముందుగాల ఉత్త తరాజు లేపు" అన్నది బాపమ్మ.

అతడు ఎత్తాడు. ముల్లు నడుమ నిలిచింది. అప్పుడు రాయి వేసి బెల్లం తూచాడు. సరిపోయింది. పొట్లం కట్టబోతుంటే బాపమ్మ మళ్లీ చెయ్యి ఎత్తింది.

"జర ఆ రాయి ఈ పళ్లెంల పెట్టు, బెల్లం ఆ పళ్లెంల పెట్టు."

చుట్టూ ఉన్నవాళ్లందరూ ఒక్కసారి ఊరుకున్నారు. మా అమ్మ సిగ్గుతో తల దించుకున్నది. మొదటి బేరంనాడే ఇట్లా అడిగితే అతడికి కోపం వస్తుందేమోనని నాకు భయం వేసింది. అతడు ఒక నిమిషం బాపమ్మ ముఖంలోకి చూశాడు.

"పెడ్త పెద్దమ్మా, దాంట్ల ఏమున్నది!" అని రెండూ మార్చి పెట్టి, త్రాసును అందరికీ కనబడేటట్టు పైకి ఎత్తి పట్టుకున్నాడు. ముల్లు అటూ ఇటూ ఊగింది. మెల్లగా ఊగటం తగ్గింది. సరిగ్గా నడుమ నిలిచింది.

"ఇగ మంచిది. మా ఇంటి ఖాతా రాసుకో కొడుకా" అన్నది బాపమ్మ. వెనక నిలబడ్డ నలుగురూ, "మాది కూడా రాయి" అన్నారు. ఆ రోజున ఆ దుకాణం నిజంగా తెరుచుకున్నది కొబ్బరికాయ కొట్టినప్పుడు కాదు, ముల్లు నడుమ నిలిచినప్పుడు అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. దుకాణదారు కూడా నష్టపోలేదు. ఒక్క నిమిషం ఓర్పుతో కాలనీ నమ్మకమంతా సంపాదించుకున్నాడు.

ఇప్పుడు పళ్లాల త్రాసులు తగ్గిపోయాయి. చిన్న దుకాణంలో కూడా అంకెలు చూపే ఎలక్ట్రానిక్ త్రాసు ఉన్నది. దానిలోపల ఒక లోహపు దిమ్మె ఉంటుంది. బరువు పెడితే అది కంటికి కనబడనంత వంగుతుంది. దానికి అంటించిన సన్నని లోహపు తీగ సాగుతుంది. సాగిన తీగలో విద్యుత్తు పారటం కొంచెం కష్టమవుతుంది. ఆ తేడాను లెక్కకట్టి యంత్రం గ్రాములు చూపుతుంది. పళ్లాలు మార్చటం దీనికి పనికిరాదు. కాని బాపమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ పనికివస్తుంది: ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపుతున్నదా? త్రాసు సమంగా ఉన్న బల్లమీద ఉన్నదా? తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నదా? పొట్లాల్లో వచ్చే సరుకయితే దానిమీద నికర బరువు, తయారైన తేదీ, గరిష్ఠ ధర అచ్చువేసి ఉన్నాయా?

సింగరేణి బొగ్గుగనుల కాలనీల్లో సూపర్ బజార్లు వెలిశాయి. పట్నాల్లో మిద్దెల మీద మిద్దెలుగా పెద్ద దుకాణాలు వస్తున్నాయి. రేపు మీ కాలనీలో కూడా ఒక కొత్త దుకాణం తెరవవచ్చును. రంగు దీపాలు, బెలూన్లు, పిప్పరమెంట్లు తప్పకుండా చూడండి. వాటితోపాటు త్రాసును కూడా ఒకసారి చూడండి. సందేహం వస్తే మర్యాదగా అడగండి. అడిగినందుకు మంచి దుకాణదారు ఎన్నడూ కోపగించుకోడు.